వైశాఖంలో పడవ

సీరియల్లో ఆ పిల్ల పడవెక్కగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "కుదరదు" అన్నాను పైకే. పక్కింటి వదినగారు జంతికని నోటిదాకా తీసుకెళ్లి ఆపి నావంక చూశారు.

"ఏంటండీ కుదరనిది? ఎక్కేసిందిగా."

"జమీందారు కూతురి పెళ్లి వైశాఖంలో అని పురోహితుడే చెప్పాడు. ఆ పెళ్లయి పది రోజులు కాలేదు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదండీ. కాలవలో నీళ్లే ఉండవు. పడవ దేనిమీద పోతుంది?"

"వాళ్లు ఏ చెరువులో తీశారో ఏంటో. అక్కడ నీళ్లున్నాయి, పోయింది" అన్నారావిడ జంతిక కొరుకుతూ. "కూర్చోండి. ఇంకా గుర్రాలొస్తాయి."

గుర్రాలు కూడా వచ్చాయి. మా డెల్టా బురదలో, గట్టు మీద, నాలుగు గుర్రాలు బారుగా. నేను కూర్చోలేకపోయాను. నిలబడే చూశాను. చూస్తున్నంతసేపూ నా మనసు పక్కింట్లో లేదు, మా ఇంట్లో ఉంది. ఇంకో పావుగంటలో ఇదంతా నేను మా అత్తయ్యకి చెప్పాలి. ఎలా చెప్పాలన్నదే నా బాధ.

మాది బందరు. అంటే అత్తవారిది. నేను పుట్టి పెరిగింది గుడివాడలో. తొమ్మిదో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తరవాత చదివిందంతా అక్కడి శాఖా గ్రంథాలయంలోనే. కుట్టు నేర్చుకోవడానికి వెళ్లే దారిలో ఉండేది. మొదట్లో మధ్యాహ్నం కాసేపు ఫ్యాను కింద కూర్చోవచ్చని వెళ్లాను. కూర్చున్నందుకు ఏదో ఒకటి చదవాలి కదా అని చదివాను. ఒక బీరువా అయిపోయింది. లైబ్రేరియన్‌గారు పక్క బీరువా తాళం తీసి "ఇది మొదలుపెట్టమ్మా" అన్నారు. కథల బీరువా, చరిత్ర బీరువా, చివరికి ఎవరూ ముట్టుకోని వ్యవసాయం, నీటిపారుదల బీరువా కూడా. డిగ్రీలున్నవాళ్లు నాకు తెలీదు అని హాయిగా అనేస్తారు. నేను అనలేను. ఎక్కడో చదివే ఉంటానని వెతుక్కుంటాను.

ఆ సీరియల్ తెల్లదొరల కాలం నాటి ఒక జమీందారు దివాణం కథ. మా వైపే జరిగినట్టు చూపిస్తారు. నాకు ప్రాణం. రెండేళ్లలో ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇష్టం లేకపోతే అన్ని తప్పులు ఎవరు పడతారు? జాకెట్ కొలతలు రాసుకునే పుస్తకం ఉంటుంది నాకు. దాన్ని తిరగేసి వెనకనుంచి సీరియల్ తప్పులు రాసేదాన్ని. దివాన్‌గారు ఒకే తెర వెనక నిలబడి రెండేళ్లుగా అందరి రహస్యాలూ వింటున్నాడు. తెర కింద ఆయన చెప్పులు కనిపిస్తూనే ఉంటాయి, ఎవరూ చూడరు. చిన్న జమీందారు రెండుసార్లు చచ్చిపోయాడు. రెండోసారి పిండాలు కూడా పెట్టారు. తప్పిపోయిన కొడుకుని పుట్టుమచ్చని బట్టి గుర్తుపట్టారు. ఆ పుట్టుమచ్చ ఆదివారం సెలవు కాగానే కుడి బుగ్గ నుంచి ఎడమ బుగ్గకి వచ్చింది. ఇంకోసారి బందరు రేవులో ఓడ సరిగ్గా ఒడ్డుకి ఆనుకుని ఆగింది. దొర బూటు తడవకుండా దిగాడు. మా రేవులో బురద తప్ప లోతెక్కడిది? ఓడలు దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల మీద మనుషులూ సరుకూ వచ్చేవని నేను చదివాను. అది రాసుకున్న రోజు పెన్ను కాగితాన్ని చింపేసింది.

అత్తయ్యా నేనూ కలిసే చూసేవాళ్లం. ఆవిడది దివిసీమ, కోడూరు పక్క పల్లెటూరు. నేను తప్పు చెప్పబోతే "నీ పుస్తకం కట్టిపెట్టవే. పాపం, దాన్ని ఏడవనీ" అనేవారు. దాన్ని అంటే ఆ సీరియల్లో పిల్లని. దివాణానికి కోడలుగా వచ్చి, పుట్టింటి గడప తొక్కే వీల్లేకుండా ఉండిపోయిన పిల్ల. అత్తయ్యకి జమీందారుతో పని లేదు, దివాన్‌తో పని లేదు. ఆ పిల్ల ఇల్లు చేరుతుందా లేదా, అంతే.

ఈ వేసవిలో అత్తయ్యకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ చేయించాం. ముందు ఒక కన్ను, రెండు వారాలు పోయాక రెండోది. టీవీ వారం రోజులు వద్దని డాక్టరుగారు చెప్పారు. మా ఆయన దాన్ని నెల చేశారు. టీవీ ప్లగ్గు పీకి వైరు చుట్టేసి బీరువా మీద పెట్టారు.

"చూడన్లేరా. వినడానికేం?" అని అత్తయ్య బతిమాలారు.

"వింటూ వింటూ నల్లద్దాల కిందనుంచి చూస్తావు. నీ సంగతి నాకు తెలీదా?"

దుమ్మూ ధూళీ తగలకూడదని చూడ్డానికి వచ్చేవాళ్లని కూడా గుమ్మం దగ్గరే ఆపేశారు. అందుకని అత్తయ్య నాతో ఒప్పందం చేసుకున్నారు. ఏడింటికి నేను పక్కింటికి వెళ్లి చూడాలి. ఏడున్నరకి వచ్చి చెప్పాలి.

"ఈ నెల్లాళ్లూ నాకు కళ్లు నువ్వేనే అమ్మాయ్. మెల్లకన్ను పెట్టకు. చూసింది చూసినట్టు చెప్పు. పుస్తకాలు కలపకు."

"కలపను అత్తయ్యా" అన్నాను.

మూడు రోజులు మాట మీదున్నాను. నాలుగో రోజు పుట్టుమచ్చ దగ్గర జారాను. ఎడమ బుగ్గ అని చెప్పడానికి నోరు రాలేదు, కుడి బుగ్గ అనేశాను. అంత చిన్న తప్పు దిద్దితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ తరవాత దివాన్‌గారి చెప్పులు. తెర కింద చెప్పులున్నాయని ఒక పనిమనిషి చూసిందని, దివాన్ దొరికిపోయాడని చెప్పాను. అత్తయ్య మంచం మీద చప్పట్లు కొట్టినంత పని చేశారు.

"రెండేళ్లకి ఆ ఇంట్లో ఒకళ్లకైనా కళ్లొచ్చాయి! ఈమధ్య కథ బాగా నడుపుతున్నారే."

ఆ మాట విన్నాక నేను నేలమీద లేను. పొద్దున్న మెషీన్ ముందు కూర్చుంటే కాలు ఒకచోట ఆగేది కాదు. సాయంత్రం ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఒకావిడ జాకెట్‌కి కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశాను. విప్పి మళ్లీ కుట్టాను. అసలు సీరియల్ ఏడింటికి మొదలయ్యేది, నా సీరియల్ ఏడున్నరకి. నాదే బాగుందని నాకు అనుమానం లేదు. ఎక్కడెక్కడ అబద్ధం ఉందో అక్కడక్కడ నిజం పెడుతున్నాను కదా అనుకున్నాను.

అలాంటి సమయంలో ఆ పిల్ల పడవెక్కింది. అంతకుముందు గది బయట కాపలావాడు దాన్ని చూసి, తల తిప్పుకుని, తాళం తీసి వదిలేశాడు. ఎందుకు వదిలేశాడో చెప్పలేదు. దివాణం ఉప్పు తినేవాడు ఊరికే ఎందుకు వదులుతాడు? అదొకటి. ఆపైన వైశాఖంలో నిండు కాలవ. ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగాను, గ్లాసు కడిగాను, కడిగిన గ్లాసు మళ్లీ కడిగాను.

"ఏమైందే? ఇంతసేపేంటి? తప్పించుకుందా?" లోపలి గదిలోంచి అత్తయ్య.

వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "కాపలావాడు ఒప్పుకోలేదత్తయ్యా. ఎలాగో వాడి కన్నుగప్పి రేవు దాకా వచ్చింది. కానీ కాలవలు కట్టేశారు. పడవ లేదు. రేవులోనే దొరికిపోయింది."

అత్తయ్య మంచం మీద లేచి కూర్చున్నారు.

"పట్టుకున్నారా?"

"ఊఁ. మళ్లీ గదిలో పెట్టారు."

ఆ పూట రెండు ముద్దలు తిని కంచం జరిపేశారు. మా ఆయన "మందు పడలేదేమో, డాక్టరుకి ఫోన్ చెయ్యనా?" అని కంగారుపడ్డారు. కన్ను కాదని నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు.

మర్నాటి నుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. పక్కింటి టీవీలో ఆ పిల్ల అమ్మమ్మగారింట్లో ఉయ్యాల మీద కూర్చుని మల్లెపూలు కడుతోంది. మా అత్తయ్య మనసులో అది చీకటి గదిలో ఉంది. "ఇవాళేమైంది?" అంటే ఏదో ఒకటి చెప్పాలి. గదికి కిటికీ పెట్టాను. కిటికీ దగ్గరికి ఒక ఉడతని తెచ్చాను. ఉడతతో ఎన్నాళ్లు నడుపుతాను? పిల్లని బయటికి తీయాలి, కానీ నమ్మేలా తీయాలి. బందరు లైబ్రరీకి వెళ్లాను. నీటిపారుదల పుస్తకాలు దింపించాను. కాలవలు ఎప్పుడు కట్టాలి, పూడిక ఎలా తీయాలి, తూములకి మరమ్మతులు ఎవరు చేయాలి, అన్నీ ఉన్నాయి. కట్టేసిన కాలవ మీంచి ఒక ఆడపిల్ల ఎలా బయటపడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. దార్లో వంతెన మీద ఆగి చూశాను. మా కాలవ కూడా కట్టేసే ఉంది. అడుగున రెండు మడుగులు, వాటిలో ప్లాస్టిక్ సీసాలు, ఒక కొంగ. దానివల్ల కూడా నాకేం తోచలేదు.

నెల నిండకముందే పక్కింటి వదినగారు వచ్చారు. మామిడికాయ ముక్కలు తరిగి, రుచి చూపించడానికి కొత్త ఆవకాయ గిన్నెలో పెట్టుకుని వచ్చారు. మా ఆయన ఇంట్లో లేరు. గుమ్మం దగ్గర ఆపేవాళ్లు లేరు.

"ఎలా ఉన్నారు పిన్నిగారూ? నల్లద్దాలు మీకు బాగా నప్పాయండోయ్, సినిమావాళ్లలాగా."

"కూర్చోమ్మా. ఏముంది, ఈ మంచం, ఈ గోడ. సీరియల్ ఒక్కటే కాలక్షేపం. మా కోడలు చెప్తుంటే చూసినట్టే ఉంటుంది."

నేను ఆవకాయ గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

"అబ్బ, ఆ పిల్ల ఎంత చక్కగా తప్పించుకుందండీ!" అన్నారు వదినగారు.

"ఎక్కడ తప్పించుకుంది? గదిలోనే ఉందిగా పాపం. ఉడతొస్తోంది."

"గదేంటండీ? ఉడతేంటి?" ఆవిడ పగలబడి నవ్వారు. "పడవెక్కి వెళ్లిపోలా? వాళ్ల అమ్మమ్మగారింట్లో ఉయ్యాలూగుతోంది. దివాన్‌గాడు ఇంకా ఆ తెర వెనకే ఉన్నాడు, చచ్చినోడు. మీరు వేరే సీరియల్ ఏదో చెప్తున్నారు పిన్నిగారూ. కలిసిపోయి ఉంటాయి మీకు, మందుల వేడికి."

అత్తయ్య నవ్వారు. "అవునమ్మా, కలిసిపోయాయి" అన్నారు. పరాయి మనిషి ముందు నన్ను బయట పెట్టలేదు. ఆవిడ వెళ్లేదాకా ఆవకాయ ఘాటు గురించీ, ఆవపిండి గురించీ మాట్లాడారు. వెళ్లాక పిలిచారు.

"ఇట్లా రావే."

వెళ్లాను.

"కాలవలు కట్టేశారని నువ్వే పట్టి ఇచ్చావుటే ఆ పిల్లని?"

నాకు ఆ క్షణంలో కూడా బుద్ధి రాలేదు. "నిజంగానే కట్టేస్తారత్తయ్యా. నేను చదివాను. వైశాఖంలో పడవ నడవదు. వాళ్లు తప్పు తీశారు, నేను…"

"దివిసీమలో పుట్టినదానికి కాలవలు కట్టేసే సంగతి చెప్తున్నావు నువ్వు." అంతే అన్నారు. గోడవైపు తిరిగారు.

అత్తయ్య మా ఆయన్ని ఒప్పించారు. ఆ సాయంత్రం నుంచి వదినగారే వచ్చి సీరియల్ చెప్పేవారు. ఆవిడ చెప్పడం నాకు నరకం. "ఆ పిల్ల, ఆ ఎర్రచీర కట్టుకుందే ఆ పిల్ల, వాడున్నాడే వాడు, వాడి దగ్గరికి" అంటూ ఎటో పోయేవారు. అత్తయ్య ఓపిగ్గా వినేవారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతూ, సర్దినవి మళ్లీ తీస్తూ వినేదాన్ని. అరగంటలో నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేదాన్ని. నన్ను ఎవరూ పిలవలేదు.

అయితే కంట్లో చుక్కలు వేయాల్సింది నేనే. రోజుకి నాలుగుసార్లు. రెండు రకాల మందులు. మొదటిది వేశాక అయిదు నిమిషాలు ఆగి రెండోది వేయాలి. ఆ అయిదు నిమిషాలూ ఆవిడ కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకునేవారు. నేను గడియారం చూస్తూ పక్కన కూర్చునేదాన్ని. "వెయ్యి." "అయిందా?" ఆ రెండు మాటలే మా మధ్య. అయిదు నిమిషాలు అంత పొడుగని అప్పటిదాకా నాకు తెలీదు.

నాలుగైదు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం, మొదటి మందు పడ్డాక, కళ్లు మూసుకునే అత్తయ్య అన్నారు.

"నేను కాపరానికొచ్చిన ఏడు ఇదే కార్తె. రోహిణి. మీ మామయ్యవాళ్లు అప్పటికింకా బందరు రాలా, దివిసీమలోనే ఉండేవాళ్లు. మా అమ్మకి జ్వరం, మంచం దిగట్లేదని కబురొచ్చింది. పంపించండని అడిగితే మా అత్తగారు, 'కాలవలు వదలనీ. పడవలు తిరుగుతాయిగా, పంపిస్తాం' అంది. కాలవలు వదిలేది ఏరువాకకి. అప్పటిదాకా జ్వరం ఆగుద్దా?"

"రోడ్డు లేదా అత్తయ్యా?"

"బస్సెక్కడిదే అప్పుడు మా ఊరికి? గట్టుంది. గట్టు మీద పోతే ప్రతి ఊళ్లో ఎవడో ఒకడు, ఫలానావాళ్ల కోడలు ఒంటరిగా పోతోందని. నాకంటే ముందు కబురు చేరుద్ది."

"మరి?"

"కాలవలోకి దిగాను."

గడియారం చూశాను. అయిదు నిమిషాలు దాటిపోయింది. రెండో మందు వేశాను. ఆవిడ ఆపలేదు.

"మిట్టమధ్యాహ్నం. అడుగున నడిస్తే గట్టు మీద ఉన్నోడికి మన తల కూడా కనపడదు. బురద ఎండి పెంకుల్లాగా లేచి ఉంటుంది. కాలేస్తే పెళుక్కున విరిగి కింద మళ్లీ మెత్తగా దిగబడుద్ది. చెప్పులు ఆగవు, చేత్తో పట్టుకోవాల్సిందే. మడుగుల దగ్గర కొంగలుంటాయి. అవి లేచాయంటే గట్టు మీద వాళ్లకి తెలిసిపోద్ది, లోపల మనిషున్నాడని. అందుకని కొంగ కనపడితే ఆగిపోయేదాన్ని. దాని దారిన అది పోయిందాకా కదిలేదాన్ని కాదు."

బందరు వంతెన మీంచి నేను చూసిన కొంగ గుర్తొచ్చింది. దాన్ని చూసి నాకేం తోచలేదు.

"ఎవరూ చూడలేదా?"

"లస్కరు చూశాడు. కాలవ కాపలా చూసేవాడు. తూము దగ్గర షట్టరుకి గ్రీజు పెడుతున్నాడు. సరిగ్గా వాడి ముందుకే పోయాను. 'ఏ ఊరమ్మా?' అన్నాడు. నేను చెప్పలా. ముంతతో నీళ్లిచ్చాడు. 'ముందు పూడిక తీసే జనం ఉన్నారు. అక్కడ గట్టెక్కి తుమ్మల వెనకనించి పోయి మళ్లీ దిగు' అన్నాడు. మళ్లీ గ్రీజు పెట్టుకుంటున్నాడు."

"ఎందుకు చెప్పాడు? ఎవరికీ ఎందుకు పట్టివ్వలేదు?"

"నేనడిగానా? అన్నిటికీ కారణం కావాలంటే ఎట్లానే నీకు?"

దివాణం కాపలావాడు తల తిప్పుకుని తాళం తీయడం గుర్తొచ్చింది. వాణ్ణి నేనే కథలోంచి తీసేశాను.

"వెళ్లేసరికి అమ్మ లేచి కూర్చుని గంజి తాగుతోంది. 'ఎట్లా వచ్చావే? ఎవరు పంపారు?' అంది. 'అత్తగారే పంపింది, లస్కరుని తోడిచ్చింది' అన్నాను."

"నమ్మారా?"

"నా కాళ్లు చూసింది. మోకాళ్ల దాకా బురద, పొక్కులు. చూసి నమ్మినట్టు తలూపింది. తను పోయిందాకా మా అత్తగారు బంగారమని ఊరంతా చెప్పింది."

"మరి తిరిగి వెళ్లాక మీ అత్తగారు…"

"అది వేరే కథ. మందు కారిపోయింది చూడు, ఇంకో చుక్క వెయ్యి."

నిజంగానే మందంతా చెంపల మీదికి వచ్చేసింది. తుడిచి మళ్లీ వేశాను. ఈసారి రెండు చుక్కలు పడ్డాయి. ఆవిడ కళ్లు మూసుకునే అడిగారు.

"నీ పిల్ల ఇంకా గదిలోనే ఉందా?"

"ఉంది."

"ఉడతతోనేనా?"

"ఉడతతోనే."

"వాళ్ల పిల్ల సంగతి ఆవిడ చెప్తోందిలే. అది ఉయ్యాలెక్కింది, నాకు బెంగ లేదు. నువ్వు తాళం వేసినదాన్ని నువ్వు తియ్. పడవ మాత్రం పెట్టకు. కాలవలో నీళ్లు లేకుండా పడవేంటి, పిచ్చోళ్లు కాకపోతే."

కొలతల పుస్తకం వెనక పేజీలో వైశాఖంలో పడవ అని రాసుకున్నది ఇప్పటికీ అలాగే ఉంది. కొట్టెయ్యలేదు. అది తప్పే.

నేను మంచం మీదికి జరిగి కూర్చున్నాను. ఈసారి నా దగ్గర ఏ పుస్తకమూ లేదు. "మిట్టమధ్యాహ్నం అత్తయ్యా. గది బయట కాపలావాడు ఉన్నాడు" అని మొదలుపెట్టి ఆగాను. వాడికి ఒక చెల్లెలుందని చెప్పనా, పాత పగ ఉందని చెప్పనా అని అలవాటు కొద్దీ వెతికాను. ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"వదిలేశాడు" అన్నాను.

"ఊఁ."

పిల్ల కాలవలోకి దిగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. పెంకులు విరుగుతున్నాయి. రెండో మడుగు దగ్గర నేను మర్చిపోతే అత్తయ్యే గుర్తుచేశారు, "కొంగ" అని. పిల్ల ఆగింది. కొంగ తీరిగ్గా ముక్కు కడుక్కుని అవతలికి పోయింది. మళ్లీ నడిచింది. తుమ్మల వెనకనించి చుట్టు తిరిగింది. పొద్దు వాలేసరికి ఇంటి గుమ్మంలో ఉంది. ఎవరు పంపారని వాళ్లమ్మ అడిగింది.

"ఏం చెప్పింది?" అన్నారు అత్తయ్య.

"దివాణం వాళ్లే పంపారని చెప్పింది. పల్లకీలో పంపారని."

"పల్లకీయా?"

"పల్లకీయే."

అత్తయ్య కళ్లు తెరవలేదు. నమ్మినట్టు తలూపారు.